మా వెనక గదిలో ఎనిమిది ఫోక్ రాక్ పాటలు

జనవరి 6

ఇంట్లో రికార్డు చేయబోయే ఫోక్ రాక్ పాటల (రాక్ వాద్యాలతో కట్టిన జానపద ధోరణి పాటల) జాబితా తేలింది. నెల రోజులుగా ఇరవై రెండు పాటల దగ్గర ఆగిపోయిన కాగితం మీద నిన్న రాత్రికి ఎనిమిది మిగిలాయి. స్కార్‌బరో ఫెయిర్, హౌస్ ఆఫ్ ద రైజింగ్ సన్, మ్యాటీ గ్రోవ్స్ – ఈ మూడూ మొదట ఎవరు కట్టారో తెలియని జానపదాలు. టర్న్ టర్న్ టర్న్, మిస్టర్ టాంబూరిన్ మ్యాన్, ద సౌండ్ ఆఫ్ సైలెన్స్, హూ నోస్ వేర్ ద టైమ్ గోస్, బిగ్ ఎల్లో టాక్సీ – ఈ ఐదూ పేరున్న మనుషులు రాసినవి. నేను మొదట విన్న రూపాలన్నీ 1964కీ 1970కీ మధ్య రికార్డయినవే.

సొంత పాటలు రాసుకునేదానివి, ఇప్పుడీ ఇతరుల పాటల కవర్ ఆల్బమ్ ఎందుకక్కా అని తమ్ముడు అడిగాడు. మా చిన్నమ్మ కొడుకు వాడు. బేస్ వాయించేదీ మిక్స్ చేసేదీ వాడే కాబట్టి అడిగే హక్కుంది. నా పాటల్లో బాగున్నాయని జనం అనే చోట్లు సగం నేను ఈ పాటల దగ్గర నేర్చుకున్నవే. ఎవరి దగ్గర నేర్చుకున్నానో ఒక్కసారైనా పాడి చెప్పాలి. అదే వాడికి చెప్పాను. సరే మొదలుపెడదాం అన్నాడు.

పెట్టుకున్న నియమం ఒక్కటే. ప్రతి పాటకూ నోటు పుస్తకంలో ఒక పేజీ. ఆ పాట ఎవరి దగ్గర నుంచి ఎవరికి వచ్చి, చివరికి నా దాకా ఎలా చేరిందో అందులో రాయాలి. ఆల్బమ్‌తో పాటు ఆ పేజీలు కూడా బయటికి వస్తాయి.

జనవరి 19

గది సిద్ధం. పదడుగుల వెడల్పు, పన్నెండు అడుగుల పొడవు. కిటికీకి పరుపు అడ్డం పెట్టాం. రెండు గోడల మీద అమ్మమ్మ కుట్టిన పాత చీరల బొంతలు వేలాడదీశాం. చప్పట్లు కొడితే ఇంతకుముందు టంగుమని తిరిగొచ్చేది, ఇప్పుడు చప్పుడు అక్కడే చచ్చిపోతోంది. నా అనుభవంలో పాత నూలు బొంతను మించిన సరుకు లేదు. పల్చటి ఫోమ్ షీట్లు పై స్థాయి శబ్దాన్నే పీల్చుకుంటాయి. గిటార్ కింది తీగల గుంయ్‌మనే మోత వాటికి లొంగదు.

ఉన్నది ఒక కండెన్సర్ మైకు, దాన్ని కంప్యూటర్‌కు కలిపే రెండు ఇన్‌పుట్ల ఇంటర్‌ఫేస్, రీపర్ అనే రికార్డింగ్ సాఫ్ట్‌వేర్ ఉన్న ల్యాప్‌టాప్. గిటార్‌కు మైకు పన్నెండో ఫ్రెట్ (గిటార్ మెడ మీది మెట్టు) ఎదురుగా జానెడు దూరంలో పెట్టాం. సౌండ్ హోల్ ఎదురుగా పెడితే అంతా కుండలో పాడినట్టు వచ్చింది.

అసలు సమస్య వేళ. పగలు కూరగాయల బండి మైకు, వాటర్ ట్యాంకర్, పక్కింటి కుక్కర్. తెల్లవారితే కాకులు. తెల్లవారుజామున మూడున్నర నుంచి ఐదు వరకు, అంటే గుడి మైకు మొదలయ్యే దాకా మాత్రమే విశాఖలో మా వీధి నాకు దొరుకుతుంది. అలారం మూడింటికి పెట్టుకున్నాను.

ఫిబ్రవరి 2

స్కార్‌బరో ఫెయిర్ మొదలైంది. దీని పేజీ రాస్తుంటేనే గుండె బరువెక్కింది. పాట ఇంగ్లండులో ఎప్పటినుంచో ఉంది. 1965లో లండన్‌లో జానపద గాయకుడు మార్టిన్ కార్తీ దీనికి గిటార్ మీద ఒక అల్లిక అల్లుకుని పాడేవాడు. అప్పట్లో ఇంగ్లండులో తిరుగుతున్న అమెరికా గాయకుడు పాల్ సైమన్ అతని దగ్గర నేర్చుకున్నాడు. తర్వాతి ఏడాది సైమన్, అతని జోడీ గార్‌ఫంకెల్ కలిసి పాడిన రికార్డు వచ్చింది, లోకమంతా విన్నది. దాని మీద కార్తీ పేరు లేదు. ఆ బాధ చాలా ఏళ్లు నడిచింది. చివరికి 2000లో లండన్ కచేరీలో సైమన్ కార్తీని వేదిక మీదికి పిలిచి, ఇద్దరూ కలిసి ఆ పాట పాడారు. నా నోటు పుస్తకంలో కార్తీ పేరు కింద రెండు గీతలు గీశాను.

కేపో (తీగలన్నిటినీ ఒకచోట నొక్కిపట్టే బిగింపు) ఏడో ఫ్రెట్‌లో. అంత పైన పెడితే తీగ పొట్టిదై శబ్దం గంటలా మోగుతుంది, కానీ కొంచెం గట్టిగా నొక్కినా శ్రుతి పైకి జారుతుంది. మొదటి రోజు పదకొండు టేకులు, ఒక్కటీ పనికిరాలేదు.

ఫిబ్రవరి 11

మా అత్తయ్యగారు కర్ణాటక సంగీతం నేర్చుకున్న మనిషి. వంటింట్లో బియ్యం ఏరుకుంటూ నా పాట విని, నాలుగు మూలికల పేర్లు వచ్చే వరుస దగ్గర ఆగి, తనలో తాను స్వరం పాడుకున్నారు.

“ప ని స ని, ప ద మ ప. ఏమ్మా, ఇవి ఖరహరప్రియ రాగం స్వరాలు కదూ?”

నిజమే. పాశ్చాత్యులు డోరియన్ అనే మోడ్‌లో (స్వరాల అమరికలో) ఉండేవి అవే ఏడు స్వరాలు. సాధారణ గాంధారం, చతుశ్రుతి ధైవతం, కైశికి నిషాదం. రోజ్‌మరీ అనే మాట మీద ఆ ధైవతం పడుతుంది. పాట మొత్తానికి ఆ వెలుగు అక్కడే ఉంది. మామూలు మైనర్ స్కేల్‌లో పాడితే ధైవతం కిందికి దిగి, పాట చీకటైపోతుంది. ఇన్నేళ్లుగా నాకు అది నచ్చుతోంది కానీ ఎందుకు నచ్చుతోందో ఆవిడ చెప్పేదాకా తెలియలేదు.

అప్పటికప్పుడు త్యాగరాజస్వామి చక్కని రాజమార్గము పల్లవి పాడి వినిపించారు. అవే స్వరాలు, కానీ గాంధారం ఊగుతుంది, నిషాదం ఊగుతుంది, నేల మీద నిలబడదు. నేను కూడా ఆ గాంధారాన్ని కాస్త ఊపి చూశాను. ఆవిడ చెయ్యి అడ్డంగా ఊపారు. “వద్దమ్మా. గమకం వేస్తే ఆ పాట పాడైపోతుంది, వెయ్యకపోతే ఇది ఖరహరప్రియ అవ్వదు. దేని దారి దానిది. ఆ ధైవతాన్ని మాత్రం తేల్చకుండా నిలబెట్టి పాడు.”

మర్నాడు తెల్లవారుజామున ధైవతాన్ని నిలబెట్టి పాడాను. మూడో టేకు ఉంచుకున్నాం. ఒక పాట అయింది.

మార్చి 3

ఒక తప్పు గుర్తించాను. చెప్పకుండా దాచడం మంచిది కాదు కాబట్టి రాస్తున్నాను. అప్పటికి సౌండ్ ఆఫ్ సైలెన్స్ గొంతు కూడా ఎక్కించేశాం. నిన్న గిటార్ మ్యూట్ చేసి ఒట్టి గొంతు విన్నాను. అది నా గొంతు కాదు. అక్షరాలు సాగదీసి, ర మీద నాలుక మడిచి, ఎప్పుడూ అడుగుపెట్టని దేశపు యాసలో పాడుతున్నాను. యార్క్‌షైర్ తీరంలో ఉన్న స్కార్‌బరో ఊరి పాటను కూడా అమెరికా యాసలోనే పాడాను. చిన్నప్పటి నుంచి రికార్డులు విని విని నోరు అలా తిరిగిపోయింది, ఇన్నాళ్లూ అదే మంచి ఇంగ్లిషనుకున్నాను.

రెండు పాటల గొంతు ట్రాకులూ తీసేశాం. గాంధారం, ధైవతం కష్టపడి నిలబెట్టిన ఆ మూడో టేకుతో సహా. నేను ఆఫీసులో, బ్యాంకులో మాట్లాడే ఇంగ్లిషులోనే మళ్ళీ పాడాలి. మా ట గట్టిగా పడుతుంది, మా ద పంటికి తగులుతుంది. పడనీ. ఇద్దరు ముగ్గురు స్నేహితులకు వినిపిస్తే ఒకరు “ఇది కొంచెం పచ్చిగా ఉంది” అన్నారు, ఒకరు “మొదటిసారి మాటలన్నీ అర్థమయ్యాయి” అన్నారు. నాకు రెండో మాటే కావాలి. ఈ పాటలు కథలు. కథ చెప్పేవాళ్ళ నోరు సొంతది కావాలి.

మార్చి 8

స్కార్‌బరో ఫెయిర్ మళ్ళీ పాడాను. ఈసారి రెండో టేకే.

మార్చి 22

సౌండ్ ఆఫ్ సైలెన్స్ అయింది. దీని పేజీ కూడా వింతే. 1964లో ఎలక్ట్రిక్ వాద్యాలు లేకుండా సైమన్, గార్‌ఫంకెల్ ఆల్బమ్‌లో వచ్చింది, ఎవరూ పట్టించుకోలేదు. సైమన్ యూరప్ వెళ్ళిపోయాడు. 1965 జూన్‌లో నిర్మాత టామ్ విల్సన్ వాళ్ళిద్దరికీ చెప్పకుండానే ఆ పాత టేపు మీద ఎలక్ట్రిక్ గిటార్, బేస్, డ్రమ్స్ ఎక్కించి విడుదల చేయించాడు. 1966 జనవరికల్లా అమెరికాలో నంబర్ వన్. ముందు పాడేసి తర్వాత వాద్యాలు ఎక్కించడం ఎంత కష్టమో మేమూ చేసి చూశాం. తాళం చూపే క్లిక్ చప్పుడు లేకుండా పాడిన నా ట్రాక్ మీద బేస్ వెయ్యబోతే తమ్ముడికి చెమటలు పట్టాయి. నాకు తెలియకుండానే ప్రతి చరణం చివర నేను తగ్గుతున్నాను, మళ్ళీ అందుకుంటున్నాను. వాడు నా ఊపిరి విని ఆ లెక్కన వాయించాడు. గొంతు ట్రాకులో ఊపిరి చప్పుడు తీసేస్తానని మొదట అన్నవాడే ఇప్పుడు అది ఉండాల్సిందే అంటున్నాడు.

ఏప్రిల్ 14

లైసెన్సుల పని. విసుగే కానీ దీని మీద మనవాళ్ళలో చాలామందికి స్పష్టత లేదు, అందుకే వివరంగా రాస్తున్నాను.

పాట రాసినవాళ్ళ హక్కు వేరు, రికార్డు చేసిన కంపెనీ హక్కు వేరు. కవర్ పాడేవాళ్ళం వాళ్ళ రికార్డింగును ముట్టుకోం, కాబట్టి రెండోదానితో పని లేదు. మొదటిదానికి మాత్రం డబ్బు కట్టాలి. అమెరికాలో ఒకసారి విడుదలైన పాటను ఎవరైనా మళ్ళీ రికార్డు చేసుకోవచ్చు, రాసినవాళ్ళు కాదనలేరు, కానీ చట్టం చెప్పిన రేటు ఇవ్వాలి. ఐదు నిమిషాల లోపు పాటకు అమ్ముడైన ఒక్కో కాపీకి 2006 నుంచి 9.1 సెంట్లు ఉండేది. 2023లో 12 సెంట్లయింది, ఆ తర్వాత పెరుగుతూ వస్తోంది. పాట మూల స్వభావం మార్చకూడదు.

మన కాపీరైట్ చట్టంలో 2012 సవరణతో వచ్చిన 31సి సెక్షన్ ఉంది. మొదటి రికార్డింగ్ వచ్చిన సంవత్సరం ముగిశాక ఐదేళ్లు ఆగాలి. ముందుగా నోటీసు ఇవ్వాలి, రాయల్టీ ముందే కట్టాలి. అట్ట మీద ఇది కవర్ వెర్షన్ అని రాయాలి, పాత గాయకుల పేరుగానీ బొమ్మగానీ వెయ్యకూడదు. పైగా ఒక్కో పాటకు ఏడాదికి కనీసం యాభై వేల కాపీల లెక్కన రాయల్టీ. నాలాంటి వాళ్ళకు ఆ ఆఖరి నిబంధన కొండంత. యాభై వేల కాపీలు అమ్మే కంపెనీని దృష్టిలో పెట్టుకుని రాసిన మాట అది. బొంతల గదిలో పాడుకునేవాళ్ళ గురించి ఎవరైనా ఆలోచించి మార్చాలి.

అందుకని సీడీ ఆలోచన మానుకున్నాం. కవర్ లైసెన్సు తీసిపెట్టే డిస్ట్రిబ్యూటర్ ద్వారా ఆన్‌లైన్‌లోనే. ఐదు పాటలకు ఫీజు కట్టాను. వీడియోలు చెయ్యం, బొమ్మతో పాట కలిపితే అది మరో అనుమతి. ఒక పాటను తెలుగులో పాడాలన్న కోరిక కూడా పక్కన పెట్టాను. అనువాదానికి రాసినవాళ్ళ అనుమతి విడిగా కావాలి.

మే 9

ఎండ. ఫ్యాను ఆపాలి, ఏసీ ఆపాలి, కిటికీ పరుపుతో మూసి ఉంది. ఇరవై నిమిషాలకు ఒకసారి బయటికి వచ్చి మంచినీళ్ళు తాగాలి. చెమటకు కొత్త తీగలు వారంలో నల్లబడుతున్నాయి, సముద్రపు గాలి మిగతా పని పూర్తి చేస్తోంది. పూత ఉన్న తీగలకు మారాను. ఖరీదు రెట్టింపు, కానీ ఆరు వారాలు నిలుస్తున్నాయి.

బిగ్ ఎల్లో టాక్సీ రెండు రోజుల్లో అయిపోయింది. ఇది రాసిన జోనీ మిచెల్‌కు తొమ్మిదేళ్ళప్పుడు పోలియో వచ్చి ఎడమ చెయ్యి బలహీనపడింది. మామూలు కార్డులు (కొన్ని స్వరాలు ఒకేసారి మోగించే వేళ్ళ పట్లు) పట్టడం కష్టమై తీగల శ్రుతినే మార్చుకుని వాయించింది. ఈ పాట ఓపెన్ ఈ, అంటే వేళ్ళు వెయ్యకుండా మీటినా ఈ మేజర్ కార్డు మోగే శ్రుతి. నేను ఓపెన్ డీలో కట్టి రెండో ఫ్రెట్‌లో కేపో పెట్టాను, తీగల మీద లాగుడు తగ్గుతుంది. ఒక్క వేలు అడ్డంగా వేస్తే చాలు, పాట దానంతటదే నడుస్తుంది.

మే 30

టర్న్ టర్న్ టర్న్. అమెరికా జానపద గాయకుడు పీట్ సీగర్ దీనికి మాటలు దాదాపుగా బైబిలులోని ప్రసంగి గ్రంథం మూడో అధ్యాయం నుంచే తీసుకున్నాడు. తాను చేర్చినది పల్లవిలో తిరిగే ఆ మాట, చివర శాంతి గురించిన కొన్ని మాటలు. మిగతాదానికి వరస కట్టాడు. 1965 డిసెంబరులో బర్డ్స్ అనే బృందం పాడినది అమెరికాలో నంబర్ వన్ అయింది.

సాయంత్రం వరండాలో సాధన చేస్తుంటే పక్కింటి ఆంటీ గోడ దగ్గరికి వచ్చారు. ప్రతి ఆదివారం చర్చికి వెళ్ళే మనిషి. ఇంగ్లిషు పాటలు వినరు. కానీ నాలుగు వరసలు వినగానే “ఇది ప్రసంగి కదమ్మా” అని, పుట్టుటకు, చచ్చుటకు, నాటుటకు, పెరికివేయుటకు అంటూ వరసగా తెలుగులో చెప్పడం మొదలుపెట్టారు. ఆగకుండా ఎనిమిదో వచనం దాకా. నేను గిటార్ ఆపలేదు. ఆవిడ చెప్పే లయకు నా వేళ్ళు అవే సర్దుకున్నాయి. బర్డ్స్ పాడిన వేగం కన్నా బాగా నెమ్మది. ఆ వేగంలోనే రికార్డు చేశాను. ఆవిడ గొంతు కూడా పెడదామని అడిగాను. “వాక్యం ఎవరి పేరా అక్కర్లేదమ్మా, నువ్వు పాడు చాలు” అన్నారు. ఆవిడ ఇష్టం. నోటు పుస్తకంలో మాత్రం, వేగం మా పక్కింటి ఆంటీది అని రాసుకున్నాను.

జూన్ 25

పన్నెండు తీగల గిటార్ అరువు తెచ్చాను, టాంబూరిన్ మ్యాన్ కోసం. బాబ్ డిలన్ పాట, ఆయన రికార్డులో ఐదు నిమిషాలకు పైనే, నాలుగు చరణాలు. బర్డ్స్ 1965 జనవరిలో ఒక్క చరణమే ఉంచుకుని రెండున్నర నిమిషాల లోపు ముగించారు. ఆ రికార్డింగులో వాద్యం వాయించిన బర్డ్స్ సభ్యుడు రోజర్ మెగ్విన్ ఒక్కడే. మిగతావి లాస్ ఏంజెలస్ సెషన్ వాద్యకారులు వాయించారు. ఆ గలగల అంతా అతని పన్నెండు తీగల ఎలక్ట్రిక్ గిటార్ రికెన్‌బ్యాకర్‌ది, దాని మీద గట్టిగా వేసిన కంప్రెషన్‌ది (శబ్దపు హెచ్చుతగ్గుల్ని సమం చేసే పని). నా దగ్గరున్నది అకూస్టిక్. ఆ మోత రాదు, రప్పించాలని ప్రయత్నించలేదు కూడా.

ఈ గిటార్లో కింది నాలుగు జతల్లో ఒక తీగ మామూలుది, పక్కది ఒక స్థాయి పైన. జీ జతలో పైస్థాయి తీగ అన్నిటికన్నా సన్నం, వెంట్రుకంత. మూడు రోజుల్లో రెండు తెగాయి. రెండోది తెగినప్పుడు చెంప మీద గీసుకుంది. మొత్తం గిటార్‌ను ఒక స్వరం కిందికి దించి, రెండో ఫ్రెట్‌లో కేపో పెట్టాక తెగడం ఆగింది.

నాలుగు చరణాలూ పాడాను. ఒక్క చరణంతో ఆ పాట చాలదనిపిస్తుంది నాకు.

జూలై 17

రైజింగ్ సన్ వెనక్కి వచ్చింది. పరీక్షగా ముందే అప్‌లోడ్ చేసిన మూడు జానపదాల వివరాల్లో దీన్ని డిస్ట్రిబ్యూటర్ ఆటోమేటిక్‌గా ఆపేశాడు, వేరొకరి హక్కు ఉందట. జానపదమే కదా అని ఉత్తరం రాశాను. జవాబుకు పన్నెండు రోజులు. మీ అరేంజ్‌మెంట్ ఎక్కడిదో చెప్పమన్నారు.

ఆ ప్రశ్న న్యాయమైనదే. నేను వాయించినది ఆనిమల్స్ అనే ఇంగ్లండు బృందం 1964లో చేసిన గిటార్ వరసే. రికార్డు మీద అరేంజర్‌గా ఆ బృందంలో ఒక్క అలన్ ప్రైస్ పేరే పడింది. ఆ కార్డుల నడక అమెరికా జానపద గాయకుడు డేవ్ వాన్ రాంక్ కట్టుకున్నది, అతను రికార్డు చేసేలోపే డిలన్ 1962లో తన మొదటి ఆల్బమ్‌లో పాడేశాడు. వీళ్ళందరికన్నా ముందు, 1937లో కెంటకీలోని మిడిల్స్‌బరోలో జార్జియా టర్నర్ అనే పదహారేళ్ళ పిల్ల పాడితే జానపదాలు సేకరించే అలన్ లోమాక్స్ టేపుల యుగం కన్నా ముందు డిస్కు మీద పట్టుకున్నాడు. ఆమె పాడినది ఆడపిల్ల కథ. ఆనిమల్స్ దాన్ని మగవాడి కథ చేశారు.

కాబట్టి మొత్తం కొట్టేశాను. ఆ గిటార్ అల్లిక లేదు, ఆ కార్డుల నడక లేదు. ఒకటే కార్డు, శ్రుతిపెట్టెలా. దాని మీద ఆడమనిషి గొంతుతో ఆడమనిషి కథ. ఇదివరకటి దానికన్నా వెయ్యి రెట్లు బాగుంది. ఇది రాస్తుంటే ఆ పదహారేళ్ళ పిల్లే గుర్తొస్తోంది.

ఆగస్టు 4

వర్షాలు. గిటార్ పై చెక్క తేమకు ఉబ్బి తీగలు ఎత్తుగా లేచాయి. పన్నెండో ఫ్రెట్ దగ్గర రూపాయి బిళ్ళలు రెండు పట్టేంత సందు వచ్చింది. పెట్టెలో సిలికా జెల్ పొట్లాలు వేసి మూడు రోజులు మూసి ఉంచాను. మామూలుకు వచ్చింది.

ఆగస్టు 12

మ్యాటీ గ్రోవ్స్. అందరికన్నా ఎక్కువ ఏడిపించినది ఇదే. దొరగారి భార్య, ఒక కుర్రవాడు, తిరిగి వచ్చిన దొర, రెండు హత్యలు. ఇంగ్లండు బృందం ఫెయిర్‌పోర్ట్ కన్వెన్షన్ రికార్డులో ఎనిమిది నిమిషాలు. 1969 మేలో వాళ్ళ వ్యాన్ హైవే మీద బోల్తాపడి డ్రమ్మర్ మార్టిన్ లాంబుల్ చనిపోయాడు. పందొమ్మిదేళ్లు. మిగిలినవాళ్ళు హాంప్‌షైర్‌లో ఒక ఇంట్లో కలిసి ఉంటూ, పాత ఇంగ్లిషు జానపదాల్ని రాక్ వాద్యాలతో కట్టారు. డిసెంబరులో ఈ పాట ఉన్న లీజ్ అండ్ లీఫ్ ఆల్బమ్ వచ్చింది.

నేను మొదట బాధగా, నెమ్మదిగా పాడాను. ఐదో చరణానికే నాకే విసుగొచ్చింది. అప్పుడు చిన్నప్పుడు శ్రీకాకుళంలో విన్న బుర్రకథ గుర్తొచ్చింది. కథకుడు ఏడవడు. వీరుడు పడిపోయే చోట కూడా అడుగు ఆగదు, తంబూర ఆగదు, ఏడవాల్సింది వింటున్నవాళ్ళు. వంతలు అందుకుంటూ ఉంటే కథ నడుస్తూనే ఉంటుంది. తమ్ముడికి చెప్పాను, “నువ్వు వంతవు, నేను ఎక్కడ ఆగినా నువ్వు ఆగొద్దు.” వాడి బేస్ ఒకే నడక. దొర కత్తి దూసే చోట నా గొంతు కొంచెం కూడా పెంచలేదు. టేకు అయ్యాక ఇద్దరం కాసేపు మాట్లాడుకోలేదు.

ఆగస్టు 23

చివరి పాట. శాండీ డెనీ చిన్న వయసులోనే హూ నోస్ వేర్ ద టైమ్ గోస్ రాసింది. ఫెయిర్‌పోర్ట్‌లో 1969లో పాడింది. 1978లో 31 ఏళ్ళకే పోయింది. ఈ పాటకు నేను చెయ్యగలిగింది ఏమీ లేదనిపించి జనవరి నుంచి వాయిదా వేస్తూ వచ్చాను. ఇవాళ నాలుగింటికి గిటార్ ఒక్కటీ పెట్టుకుని, గొంతు, గిటార్ ఒకే మైకులో, ఒకేసారి పాడాను. రెండో చరణంలో దూరంగా సముద్రం మీద పడవ ఇంజను చప్పుడు పడింది. తమ్ముడు ఫిల్టర్ చెయ్యనా అని అడిగాడు, వద్దన్నాను.

ఆగస్టు 31

మాస్టరింగ్ పూర్తి. స్ట్రీమింగ్ వాళ్ళు ఎలాగూ ఒకే స్థాయికి దించుతారు, అందుకని మరీ బిగించలేదు, శబ్దం పెద్దతనాన్ని కొలిచే ఎల్‌యూఎఫ్‌ఎస్ లెక్కలో మైనస్ 14 దగ్గర ఉంచాం. ఎనిమిది పేజీలూ టైపు చేశాను. జార్జియా టర్నర్ పేరు రైజింగ్ సన్ కింద మొదట ఉంది. స్కార్‌బరో ఫెయిర్ కింద కార్తీ పేరు, ధైవతం గురించి చెప్పిన మా అత్తయ్యగారి ప్రస్తావన.

పన్నెండు తీగల గిటార్ రేపు తిరిగి ఇచ్చేయాలి. కొత్త తీగల సెట్టు కొని తెచ్చాను. రాత్రికి మార్చి, శ్రుతి చేసి, సన్న జీ తీగలు రెండు అదనంగా పెట్టెలో వేసి ఇస్తాను.